కరెంటు లేని ఆర్చ్‌టాప్ గిటార్ అంటే ఇంకా అంత మోజెందుకు?

ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చి ఇన్నేళ్లయినా అకౌస్టిక్ ఆర్చ్‌టాప్‌ని, అంటే పై పలక ఉబ్బెత్తుగా ఉండి కరెంటు లేకుండా మోగే గిటార్‌ని, జనం ఎందుకు వదలట్లేదని కదా మీ ప్రశ్న. ఆరేళ్ల కిందట న్యూజెర్సీలో ఒక పాతది సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ముందు నా తెలివితక్కువ పని చెబుతాను, సగం జవాబు అందులోనే ఉంది.

కొన్న వారానికే తీగలు మారుద్దామని ఆరూ ఒకేసారి విప్పేశాను. తీగల్ని పైకెత్తి పట్టే చెక్క ముక్క, బ్రిడ్జి, ఊడి ఒళ్లో పడింది! విరగ్గొట్టానేమోనని గుండె గుభేల్మంది. తీరా చూస్తే దాన్ని అసలు అతికించరట, తీగల ఒత్తిడికే నిలబడుతుందట. చిన్నప్పుడు నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నవాణ్ణి, ఆ మాత్రం తట్టొద్దూ? మెడ మీద 12వ ఫ్రెట్ (అడ్డకమ్మీ) దగ్గర స్వరం సరిగ్గా పలికేదాకా బ్రిడ్జిని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటే ఆ సాయంత్రం కాస్తా అయిపోయింది. ఇప్పుడు ఒక్కో తీగే మారుస్తున్నాను.

అవును, ఇది వయొలిన్‌కి చుట్టమే. మామూలు గిటార్‌లో బ్రిడ్జి పై పలకకి అతుక్కుని ఉంటుంది, తీగలు దాన్ని లాగుతాయి. ఇందులో తీగలు గిటార్ అడుగు అంచుకి బిగించిన టెయిల్‌పీస్ అనే పట్టీకి తగులుకుని ఉంటాయి, బ్రిడ్జి పలకను కిందికి నొక్కుతుంది. మంచివాటిలో ఆ పలకను మందపాటి స్ప్రూస్ చెక్క నుంచి ఉబ్బెత్తుగా చెక్కి తీస్తారు. అందుకే నాదం తంబురాలా సాగదు, మృదంగం మీద దెబ్బలా ఠక్కున తగిలి ఆగుతుంది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం కలమజూలో ఆర్విల్ గిబ్సన్ 1890ల్లోనే ఇలా చెక్కాడు. ఆయన పేరుతో వెలిసిన గిబ్సన్ కంపెనీలో లాయిడ్ లోర్ అనే నిపుణుడు ఉండగా, 1922లో వయొలిన్‌లాంటి ఎఫ్ ఆకారపు రంధ్రాలతో ఎల్-5 అనే ఆర్చ్‌టాప్ మోడల్ వచ్చింది. అప్పటి డ్యాన్స్ బ్యాండ్లలో ట్రంపెట్ల హోరు మధ్య వినబడాలంటే బాంజోయే దిక్కు, ఈ గిటార్ దాని చోటు లాక్కుంది. కౌంట్ బేసీ జాజ్ బృందంలో ఫ్రెడ్డీ గ్రీన్ 1937 నుంచి 1987లో పోయేదాకా ఇలాంటివే పట్టుకుని తాళం నడిపాడు, అదీ ఎక్కువగా ఆంప్లిఫయర్ లేకుండానే. సోలోలు దాదాపు లేవు. నాకు ఈ పిచ్చి పట్టించింది ఆయనే. అన్నట్టు, మన విశ్వమోహన్ భట్ గారి మోహనవీణ కూడా ఆర్చ్‌టాప్‌ని మార్చి చేసుకున్నదే.

ఒక్కరే కూర్చుని పాడుకుంటూ వాయించేవారైతే మాత్రం మామూలు గిటారే కొనండి, ఇది పొడిపొడిగా అనిపిస్తుంది. పాత ఆర్చ్‌టాపే కావాలంటే బ్రిడ్జి కింద పలక కుంగిందేమో ముందు చూసుకోండి.