రాబ్‌ని చంపేశాక ఇంకెవరి కోసం చూడాలి?

ప్రశ్న: అందరూ చూసేశాక ఇప్పుడు తీరిగ్గా గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదలెట్టానండీ. మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ దగ్గర ఆపేశా. రాబ్‌ని, కడుపుతో ఉన్న వాళ్లావిడని, కన్నతల్లిని పెళ్లి భోజనాల దగ్గరే చంపేశారు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తమ్ముడేమో సిరీస్ మొత్తంలో అదే టాప్ ఎపిసోడ్ అంటాడు. నాకైతే జనానికి షాక్ ఇవ్వడానికి కావాలని చేసినట్టుంది. హీరోనే పోయాక ఇంక ఎవర్ని చూసుకుని ముందుకెళ్లాలి? – ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: 2013 జూన్ 2న ఆ ఎపిసోడ్ వచ్చినప్పుడు చాలామంది ఇదే మాట అన్నారండీ, ఇక మేం చూడం అని. మీ బాధ నిజమే, కానీ షాక్ కోసం చేశారంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకంటే వాళ్లు మొదటి సీజన్ నుంచీ చెప్తూనే ఉన్నారు. నది దాటాలంటే వాల్డర్ ఫ్రే వంతెనే దిక్కు, దానికి బదులుగా ఆయన కూతుళ్లలో ఒకర్ని రాబ్ పెళ్లి చేసుకుంటాడని మాటిచ్చి వచ్చింది స్వయంగా వాళ్లమ్మ క్యాట్లిన్. ఆ మాట తప్పి రాబ్ టలీసాని చేసుకున్నాడు. తర్వాత తన పక్షాన పోరాడుతున్న కార్‌స్టార్క్ తల తనే తీశాడు, వాళ్ల సైన్యం వెళ్లిపోయింది, దాంతో శత్రువులైన లానిస్టర్ల కోట కాస్టర్లీ రాక్ మీదకి వెళ్లాలంటే మళ్లీ ఆ ముసలాయన గుమ్మమే ఎక్కాల్సొచ్చింది. రాబ్ బదులు మేనమామ ఎడ్మ్యూర్‌ని పెళ్లికొడుకుగా నిలబెట్టారు. ఇదంతా మన కళ్లముందే జరిగింది. రాబ్ యుద్ధాలన్నీ గెలుస్తున్నాడు కదా, కుర్రాడు మంచోడు కదా, వాళ్ల నాన్న పగ తీరుస్తాడు కదా అని మనమే లెక్క వేసుకున్నాం తప్ప కథలో ఎవరూ మనకి ఆ హామీ ఇవ్వలేదు.

ఇంకో మాట, మీకు కోపం వచ్చినా పర్లేదు. దాన్ని రాబ్ చావుగా చూస్తే మీరన్నట్టే ఉంటుంది. క్యాట్లిన్ వైపు నుంచి చూడండి. నవల్లో కూడా ఆ పెళ్లి ఆవిడ కళ్లతోనే నడుస్తుంది. ఓపిక తెచ్చుకుని చివరి పదిహేను నిమిషాలు ఆవిడ ముఖం మీదే చూపు పెట్టి ఇంకోసారి చూడండి. పెళ్లికూతురు రోజ్‌లిన్ అందంగా ఉందని ఎడ్మ్యూర్ మురిసిపోతుంటాడు, బిడ్డకి తాతగారి పేరు ఎడార్డ్ అని పెడదామని రాబ్, టలీసా నవ్వుకుంటుంటారు, ఆ నవ్వు చూసి క్యాట్లిన్ కూడా చాలా కాలానికి కాస్త తేలికపడుతుంది. అప్పుడు ఒకడు వెళ్లి హాలు తలుపు మూసేస్తాడు. పైన బాల్కనీలో వాయించేవాళ్లు పాట మారుస్తారు, లానిస్టర్ల పాట. ముందు ఎపిసోడ్‌లోనే సెర్సీ మార్జరీకి ఆ పాట వెనక కథ చెప్పింది, ఎదురుతిరిగిన కాస్టమీర్ రెయిన్ వంశాన్ని తన తండ్రి టైవిన్ లానిస్టర్ వేళ్లతో సహా పెకలించాడని. అది విన్న ఒక్క క్యాట్లిన్ ముఖంలోనే నవ్వు చచ్చిపోతుంది, మిగతా హాలంతా తాగుతూనే ఉంటుంది. పక్కన రాబ్ సామంతుడు రూస్ బోల్టన్ తన చేతి వైపు చూసుకుంటాడు, ఆవిడ చొక్కా చెయ్యి పైకి లాగి చూస్తే లోపల ఇనప కవచం. పెళ్లి భోజనానికొచ్చినవాడికి కవచం ఎందుకు? ఒక్క చెంపదెబ్బ కొట్టి రాబ్ అని అరుస్తుంది, అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆఖర్న వాల్డర్ చిన్న పెళ్లాం గొంతు మీద కత్తి పెట్టి, నా కొడుకుని వెళ్లనివ్వు అని బతిమాలుతుంది. ఆ ముసలాడు ఇంకో పెళ్లాన్ని తెచ్చుకుంటాలే అంటాడు. రాబ్ 'అమ్మా' అంటాడు, రూస్ పొడిచేస్తాడు. తర్వాత క్యాట్లిన్ వేసిన కేక, ఆ పిల్ల గొంతు కోసేసి ఏమీ లేని కళ్లతో నిలబడిపోవడం... మిషెల్ ఫెయిర్లీ ఆ సీన్ చేసిన తీరుకి ఆ ఏడాది ఎమ్మీ నామినేషన్ కూడా ఇవ్వలేదంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఎపిసోడ్ అయిపోయాక పేర్లు పడేటప్పుడు మ్యూజిక్ కూడా పెట్టలేదు గమనించారా, షాక్ అమ్ముకునేవాళ్లు అంత నిశ్శబ్దంగా వదిలేయరు.

ఎవర్ని చూసుకుని వెళ్లాలి అన్నారు కదా, ఆ కోట బయటే ఉంది రాబ్ చెల్లెలు ఆర్యా. తల్లినీ అన్ననీ చేరడానికి అన్ని మైళ్లు నడిచొచ్చి, అన్న తోడేలు గ్రే విండ్‌ని బోనులో బాణాలతో చంపడం కళ్లారా చూసిన పిల్ల. ఆ పిల్ల కోసం చూడండి.

ప్రశ్న: భారతంలో అశ్వత్థామ ఉపపాండవుల్ని నిద్రలో చంపింది గుర్తొచ్చింది నాకు. ఈ రెడ్ వెడ్డింగ్ (రాబ్‌ని చంపిన ఆ పెళ్లి) రచయిత సొంత ఊహా, ఎక్కడైనా జరిగిందా? – డిగ్రీ స్టూడెంట్, వరంగల్

జవాబు: జరిగిందండీ, స్కాట్లాండ్‌లో రెండుసార్లు. ఆ రెండూ కలిపే రాశానని నవల రాసిన జార్జ్ మార్టినే చెప్పాడు. 1440లో ఎడిన్‌బరా కోటలో పదేళ్ల రాజు జేమ్స్ 2తో విందుకని డగ్లస్ వంశపు కుర్ర ఎర్ల్‌ని, అతని తమ్ముణ్ణి పిలిచి తలలు తీశారు. భోజనంలో నల్ల ఎద్దు తల తెచ్చి ముందు పెట్టారని, అదే చావు గుర్తని తర్వాత జనం చెప్పుకున్నారు. రెండోది 1692 ఫిబ్రవరి 13, గ్లెన్‌కో. మెక్‌డొనాల్డ్‌ల ఇళ్లలో దాదాపు రెండు వారాలు ఉండి, వాళ్లు పెట్టింది తిన్న సైనికులే తెల్లారకముందే లేచి సుమారు 38 మందిని చంపారు.

అశ్వత్థామది ఘోరమే, కానీ అతను శత్రువు, శత్రువు శిబిరంలోకే దూరాడు. వాల్డర్ ఫ్రే గుమ్మంలోనే రొట్టె, ఉప్పు చేతికిచ్చి తినిపించాడు, ఆ లోకంలో అది తిన్నాక అతిథి మీద చెయ్యి వేయకూడదు. మార్టిన్‌కి కూడా రాయడం ఎంత కష్టమైందంటే 2000లో వచ్చిన ఆ నవల 'ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్' మిగతాదంతా పూర్తిచేసి, వదిలేసిన ఈ భాగానికి చివర్లో తిరిగొచ్చి రాశాడు.

ప్రశ్న: వాల్డర్ ఫ్రేకి శిక్ష పడుతుందా లేదా, అది ఒక్కటి చెప్పండి చాలు. – గృహిణి, నెల్లూరు

జవాబు: చెప్తే మీకు దక్కాల్సింది నేను లాగేసుకున్నట్టవుతుంది. తర్వాతి ఎపిసోడ్‌లో రాబ్ తమ్ముడు బ్రాన్ ఒక వంటవాడి కథ చెప్తాడు, దేవుళ్లు వాణ్ణి శపించింది హత్య చేసినందుకు కాదు, అతిథిని చంపినందుకు అని. ఆ కథ జాగ్రత్తగా వినండి, వాడు ఏం వండాడో కూడా గుర్తుపెట్టుకోండి. ఆరో సీజన్ చివరి ఎపిసోడ్ దాకా ఆపకండి.