గరగర శబ్దం ఇంజన్‌దా, పంపుదా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గరండి. పాత యమహా సూపర్‌జెట్, అంటే నీళ్ళ మీద నడిపే జెట్ స్కీ, ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, నిలబడి నడిపే టైపు, 701 సీసీ టూ స్ట్రోక్. చించినాడ వంతెన దగ్గర, దిండి వైపు వశిష్ఠలో నడుపుతుంటాను. ఈ మధ్య పాటు టైములో ఇసుక మేట మీద నుంచి వెళ్ళాక గరగరమని శబ్దం మొదలైంది. సగం థ్రాటిల్ దగ్గర హ్యాండిల్ చేతులు తిమ్మిరెక్కేలా వణుకుతోంది, ఇంజన్ అరుస్తుంది గానీ బండి ముందుకి లాగట్లేదు. తెలిసిన మెకానిక్‌కి చూపిస్తే క్రాంక్ (ఇంజన్ లోపలి ఇరుసు) బేరింగ్ పోయింది, ఇంజన్ మొత్తం దించాలంటున్నాడు. దించమంటారా?

జవాబు: ఇప్పుడే దించకండి. ఆ మెకానిక్ చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, కానీ మీరు రాసిన దాంట్లో రెండు మాటలు పంపు వైపే చూపిస్తున్నాయి, ఒకటి ఇసుక మేట, రెండోది ఇంజన్ అరుస్తున్నా బండి లాగకపోవడం. క్రాంక్ బేరింగ్ పోతే శబ్దం వస్తుంది, వణుకు వస్తుంది, కానీ ఇంజన్ ఫుల్‌గా తిరుగుతూ కూడా బండి కదలట్లేదంటే తిరిగే బలం నీళ్ళకి అందట్లేదన్నమాట, అది పంపులో నీళ్ళని వెనక్కి తోసే రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, దాని దగ్గర తేడా. రెండూ ఒకేసారి పోయే ఛాన్స్ కూడా ఉంది, అందుకే వెనక నుంచి ముందుకి వరసగా చూసుకుంటూ రండి, ఖర్చు లేని పని ముందు, ఇంజన్ దించే పని ఆఖర్న.

ముందు కిల్ స్విచ్ తాడు (ఊడితే ఇంజన్ ఆగిపోయేది) తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పేయండి. ఇది దాటవేయొద్దు, ఇంపెల్లర్ దగ్గర వేళ్ళు పెట్టాక ఇంజన్ తిరిగితే వేళ్ళు మిగలవు. బండిని పక్కకి వాల్చాల్సి వస్తే మాన్యువల్‌లో ఏ వైపు చెప్పారో ఆ వైపుకే వాల్చండి, రెండో వైపుకి వాలిస్తే ఎగ్జాస్ట్‌లో ఉన్న నీళ్ళు సిలిండర్లోకి పోతాయి.

ఇప్పుడు కింద నీళ్ళు లోపలికి వెళ్ళే జాలీలోంచి టార్చి వేసి, ఇంజన్ నుంచి ఇంపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్ చూడండి. మన ఏటిలో అన్నిటికన్నా ఎక్కువ కనపడేది వల దారం. నైలాన్ దారం షాఫ్ట్‌కి చుట్టుకుని, తిరిగీ తిరిగీ ఆ వేడికి కరిగి గట్టి కట్టులా అయిపోతుంది, పైనుంచి చూస్తే షాఫ్ట్ రంగులోనే ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు, గోరుతో గీకితే తెలుస్తుంది. అది సీల్ కిందకి దూరిందంటే సీల్ పోయి, బేరింగ్‌లోకి నీళ్ళు దిగి, పది రోజులాగి గరగర మొదలవుతుంది. కత్తితో నిలువుగా కోసి పీకేయండి, తిప్పి లాగకండి.

తర్వాత ఇంపెల్లర్‌కీ చుట్టూ ఉన్న లైనర్‌కీ మధ్య సందు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టి నాలుగు వైపులా కొలవండి, 0.6 మిల్లీమీటర్లు దాటిందంటే అరిగిపోయినట్టే, నీళ్ళు ఆ సందులోంచి వెనక్కి జారిపోతాయి, ఇంజన్ అరుపు తప్ప లాగుడు ఉండదు. ఇక్కడ కొలతకంటే లైనర్ మీద గీతలు ఎక్కువ కబురు చెప్తాయండి, కాసేపు నిదానంగా చూడండి. చుట్టూతా సన్నటి గీతలు, వేలు పెడితే గరుకుగా ఉంటే అది ఇసుక అరుగుడు. ఒకే ఒక్క లోతు గీత ఉండి, రెక్క అంచు కూడా ఆ ఎత్తులోనే వంగి ఉంటే గులకరాయో గుల్లో ఇరుక్కుని పోయింది. అలా కాకుండా ఒక పక్క మాత్రమే అద్దంలా మెరుస్తూ, దానికి ఎదురు పక్క రంగు మాసి ఉంటే మాత్రం ఇంపెల్లర్ నడిమధ్యలో తిరగట్లేదు, అంటే పంపు బేరింగ్ వదులైందో షాఫ్ట్ లైను తప్పిందో. ఈ మూడోది కనపడితే కొత్త లైనర్ వేసినా కొద్ది రోజులకే మళ్ళీ అదే తంతు, ముందు కారణం తేల్చాలి. రెక్క అంచులు కొట్టుకుపోయినా వణుకు వస్తుంది, నీళ్ళు సాఫీగా పట్టుకోలేక బుడగలు పుడతాయి, నీళ్ళలో గరగరలా వినపడేది చాలాసార్లు అదే.

ఇప్పుడు ఇంపెల్లర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పండి, ఆ తర్వాత పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. తిప్పుతుంటే లోపల గులకలు దొర్లుతున్నట్టు తగిలినా, ఊపితే టకటక ఆడినా పంపు విప్పాల్సిందే. విప్పాక గ్రీజు చూడండి, మజ్జిగలా తెల్లగా మారితే సీల్ పోయి నీళ్ళు కలిశాయి, ఆ బేరింగ్‌ని కడిగి మళ్ళీ వాడకండి. దిండి దాకా పోటు నీళ్ళు వస్తాయి కాబట్టి మనది సగం ఉప్పు నీరు, ఒకసారి తుప్పు మొదలైతే ఆగదు.

పంపు బాగానే ఉందనుకోండి, మూత తీసి ఇంజన్‌కీ షాఫ్ట్‌కీ మధ్య కప్లర్ దగ్గరికి రండి. రెండు ఇనప ముక్కల మధ్య ఒక రబ్బరు ఉంటుంది. దాని కింద హల్‌లో, అంటే బండి అడుగు తొట్టిలో, నల్లటి రబ్బరు పొడి కనపడిందా, ఆ రబ్బరు నలిగిపోతోంది. రబ్బరు మార్చేసి ఊరుకోకండి, నలగడానికి కారణం సాధారణంగా ఇంజన్ మౌంట్ (ఇంజన్ కూర్చునే రబ్బరు దిమ్మ) చిరగడమో, ఎవరో ఇంజన్ దించి ఎక్కించేటప్పుడు మౌంట్ కింద షిమ్ములు, అంటే ఎత్తు సరిచేసే పలచటి రేకులు, తిరిగి పెట్టకపోవడమో. సెకండ్ హ్యాండ్ బండి అన్నారు కాబట్టి ఇది నాకు గట్టి అనుమానం. కప్లర్ రెండు ముక్కల మీదా స్టీలు స్కేలు ఆనించి, పైనా పక్కనా సందు రాకుండా ఉందో లేదో చూడండి. ఆ వెనకే హల్ గోడకి ఉన్న బేరింగ్ హౌసింగ్ కూడా చూడండి, దానికి గ్రీజు ఎక్కించే నిపుల్ ఉంటుంది, చాలామంది అసలు ముట్టుకోరు. తడి హల్‌లో తుప్పు నీళ్ళ చారిక ఆ హౌసింగ్ దగ్గర్నుంచి కిందకి దిగితే దాని సీల్ పోయినట్టు.

ఇవన్నీ అయినా తేలకపోతే ఒక పరీక్ష ఉంది. బండి గట్టు మీద ఉండగా పంపు విప్పి, షాఫ్ట్ కూడా బయటికి లాగేసి, ప్లగ్గులు బిగించి, బ్యాటరీ కలిపి ఇంజన్ ఒక్క పది సెకన్లు స్టార్ట్ చేయండి, నీళ్ళు లేకుండా అంతకు మించి తిప్పకూడదు. గరగర పోయిందా, మీ క్రాంక్ క్షేమం, డబ్బంతా పంపు మీద పెట్టండి. శబ్దం అలాగే ఉందా, మెకానిక్ మాట నిజం కావడానికి దారి ఉంది. షాఫ్ట్ ఒక చివర పట్టు లేకుండా వేలాడుతుంటే మాత్రం ఇంజన్ వేయకండి, విసురుకుని హౌసింగ్‌ని కూడా పాడు చేస్తుంది. కొన్ని కవాసాకి మోడళ్ళలో ఇంజన్ కదపకుండా షాఫ్ట్ రాదు, వాటికి ఈ పరీక్ష వద్దు.

ఇంజన్ వైపు అని తేలినా క్రాంక్ ఒక్కటే ఉండదండి. స్టార్ట్ అయిన వెంటనే వచ్చే గరగర అయితే స్టార్టర్ మోటార్ బెండిక్స్ (ఫ్లైవీల్‌ని తిప్పే చిన్న గేరు) పళ్ళు వెనక్కి రాకుండా ఇరుక్కుంటున్నాయేమో చూడండి, ఫ్లైవీల్ బోల్ట్ వదులైనా అంతే. క్రాంక్ సంగతికొస్తే కంప్రెషన్ బాగుందని నిశ్చింతగా ఉండకండి, కంప్రెషన్ పిస్టన్ రింగుల సంగతి చెప్తుంది, బేరింగ్ సంగతి కాదు. ప్లగ్గులు తీసి ఫ్లైవీల్ చేత్తో తిప్పితే ఎక్కడైనా గరుకుగా తట్టినట్టు ఉంటే అప్పుడు దించండి, నేను కూడా అదే చెప్తాను.

ప్రశ్న: యానాం దగ్గర గౌతమిలో మా ఫ్రెండ్స్ అందరం నడుపుతాం. గుర్రపుడెక్క మీదుగా వెళ్తే బండి ఒక్కసారిగా వణికి ఆగినట్టు అవుతోంది, కాసేపటికి దానంతటదే సర్దుకుంటోంది. ప్రమాదమా?

జవాబు: సర్దుకుంది కదా అని గ్యాస్ ఇస్తూ పోకండి. ఇంజన్ చల్లబడే నీళ్ళు కూడా పంపు ఒత్తిడి నుంచే వస్తాయి, జాలీకి డెక్క అడ్డం పడితే లాగుడుతో పాటు ఆ నీళ్ళు కూడా తగ్గిపోతాయి, వణుకు మీకు తెలుస్తుంది గానీ ఇంజన్ కాలడం తెలీదు. వణికిన వెంటనే ఆపి, కిల్ స్విచ్ తాడు తీసి, జాలీలో ఇరుక్కున్న డెక్క వేర్లు పీకేసి, పక్కన కూలింగ్ నీళ్ళ ధార మామూలుగా వస్తోందో లేదో చూసుకున్నాకే కదలండి. ఇంటికి వచ్చాక మంచినీళ్ళతో ఫ్లష్ చేసేటప్పుడు ముందు ఇంజన్, తర్వాత కుళాయి, ఆపేటప్పుడు ముందు కుళాయి, తర్వాత ఇంజన్. ఇది తిరగేస్తే నీళ్ళు ఎగ్జాస్ట్ గుండా సిలిండర్లోకి వెళ్తాయి, వచ్చే నెల మీరే క్రాంక్ బేరింగ్ శబ్దం అని ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ప్రశ్న: పంపు బేరింగ్, సీల్ కంపెనీవి దొరకడం లేదు, ఇంపెల్లర్ రెక్క కూడా చితికింది. భీమవరంలో లేత్ షాపులో చేయించొచ్చా?

జవాబు: బేరింగ్ అయితే దొరుకుతుంది, దాని అంచు మీద చెక్కిన నంబరు పట్టుకెళ్ళండి, చెరువుల ఏరియేటర్లకి బేరింగ్‌లు అమ్మే షాపులో అదే నంబరు అడగండి, సీల్ కూడా లోపలి కొలత, బయటి కొలత, మందం చెప్తే ఇస్తారు. గ్రీజు మాత్రం నీళ్ళకి తట్టుకునే మెరైన్ గ్రీజే వాడండి. లైనర్, ఇంపెల్లర్ విషయంలో నేను ఒప్పుకోను. రెక్కకి వెల్డింగ్ కొట్టి గ్రైండ్ చేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ ఒక రెక్క బరువు రెండో రెక్కకి సమానంగా ఉండదు, నిమిషానికి ఆరు వేల సార్లు తిరిగే దానికి ఆ తేడాతో వచ్చే వణుకు కొత్త బేరింగ్‌నే తినేస్తుంది. బ్యాలెన్సింగ్ మెషిన్ ఉన్న చోట చేయిస్తేనే చేయించండి, లేకపోతే వాడిన ఇంపెల్లర్ మంచిది వెతికి కొనుక్కోండి, 701 సీసీది చాలా ఏళ్ళు నడిచిన మోడల్ కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో తగులుతుంది. కొనేముందు రెక్క అంచు మీద వేలు నడిపి చూడండి, ఎక్కడైనా గోరు తట్టుకుంటే వదిలేయండి.