కొర్రలా, అండుకొర్రలా తర్వాత... ముందు తెల్లవారుజామున చెమటల సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తెనాలి. మా వారికి 61 ఏళ్ళు, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి 11 ఏళ్ళు, బీపీ వచ్చి 8 ఏళ్ళు. రాత్రిపూట ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి కలుపుకుని అన్నం తినడం ఆయనకు చిన్నప్పటి నుంచి అలవాటు. అది లేకపోతే తిన్నట్టే ఉండదంటారు. మానమంటే వినరు కాబట్టి అదే భోజనాన్ని ఆరోగ్యంగా మార్చాను. రెండు నెలలుగా బియ్యం బదులు కొర్రన్నం పెడుతున్నాను, అదీ ఒక చిన్న కప్పే. నెయ్యి పూర్తిగా మానిపించాను. ఈ ఏడు ఆవకాయ మా అమ్మాయి హైదరాబాద్ నుంచి పంపిన లో సోడియం ఉప్పుతో పెట్టాను, కూరల్లో కూడా అదే వాడుతున్నాను. రాత్రి భోజనం ఏడు గంటలకే అయిపోతుంది. నాలుగు కిలోలు తగ్గారు. కొర్రలు మంచివా, అండుకొర్రలు మంచివా? నెయ్యికి బదులు ఏం వాడమంటారు? షుగర్‌కి గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా, బీపీకి టెల్మిసార్టాన్ 40 పాత చీటీ ప్రకారమే వాడుతున్నారు. కిందటి దసరాకు పరీక్షలు చేయించాం. ఈమధ్య తెల్లవారుజామున రెండు మూడు గంటలకు బనియన్ తడిసేలా చెమటలు పట్టి లేస్తున్నారు, చేతులు వణుకుతున్నాయంటారు. ఎండలకేమో అనుకున్నాం. పొద్దున ఫాస్టింగ్ ఒక్కోసారి 180 ఉంటోంది, రాత్రి కొర్రన్నం కూడా మానిపించనా? మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ళలు వేసుకుంటున్నారు.

జవాబు: అమ్మా, మీరు అడిగింది కొర్రల గురించి. నాకు మాత్రం మీ ఉత్తరంలో చివరి నాలుగు వాక్యాలే కనబడుతున్నాయి. ఓపీలో పేషెంటుకీ పేషెంటుకీ మధ్య రాస్తున్నాను, అందుకని ముందు భయపడాల్సింది చెబుతాను. వంట సంగతి తర్వాత.

అర్ధరాత్రి దాటాక చెమటలు, వణుకు. గ్లిమిపిరైడ్ వాడుతున్న మనిషికి ఇలా అయితే ఎండలని సరిపెట్టుకోకూడదు. షుగర్ పడిపోతోందని నా అనుమానం. ఆయన్ని చూడలేదు కాబట్టి అనుమానం అనే అంటున్నాను. గ్లిమిపిరైడ్ తినే తిండిని చూసి పనిచేసే మందు కాదు. మీరు కంచం నిండా అన్నం పెట్టినా, చిన్న కప్పు కొర్రలు పెట్టినా అది ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటుంది. ఆ డోసు రాసిన రోజున ఆయన మూడు మార్లు అన్నం పెట్టించుకుని, తొమ్మిదింటికో పదింటికో తినేవారై ఉంటారు. ఇప్పుడు తిండి బాగా తగ్గింది, ఏడింటికే అయిపోతోంది, నాలుగు కిలోల బరువు కూడా తగ్గింది. మాత్ర మాత్రం అంతే ఉంది. మీరు చేసింది సగం మంచి పనే. రెండో సగం, అంటే తిండి తగ్గిస్తున్నామని డాక్టరుకు చెప్పి డోసు మార్పించుకోవడం, మర్చిపోయారు.

పొద్దుటి 180 చూసి రాత్రంతా షుగర్ ఎక్కువగానే ఉంటోందని అనుకోకండి. నడిరాత్రి పడిపోయి, తెల్లారేసరికి పైకి లేచిన షుగర్ కావచ్చు. వేరే కారణాలు కూడా ఉంటాయి. రాత్రి మూడింటికి చూడకుండా ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ కప్పు కొర్రన్నం కూడా తీసేద్దామన్న ఆలోచన ఈ రోజే మానుకోండి. నిజానికి నేను దానికి పూర్తిగా ఎదురు చెబుతున్నాను: డాక్టరుతో మాట్లాడి డోసు సరిచేయించేదాకా రాత్రి అన్నం మళ్ళీ పాత కొలతకు తీసుకురండి. షుగర్ డాక్టరు అన్నం పెంచమంటున్నాడేమిటని మీ వారు నవ్వుతారేమో, నవ్వనివ్వండి. మాత్రలు మీకు మీరుగా ఆపమనీ, సగం చేయమనీ నేను ఇక్కడ చెప్పడం లేదు. అది ఆయన్ని చూసే డాక్టరు పని. కానీ ఆ డాక్టరుకు ఫోన్ చేయడం రేపటికి వాయిదా వేయవద్దు.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉన్నట్టుంది, ఫాస్టింగ్ చూస్తున్నారుగా. ఈ రాత్రి పడుకునే ముందు ఒకసారి, మూడింటికి అలారం పెట్టుకుని ఒకసారి చూడండి. చెమట పట్టి లేస్తే అప్పటికప్పుడే చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు టీ స్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వండి. పెరిగాక పాలో, నాలుగు ముద్దల అన్నమో, రెండు ఇడ్లీలో పెట్టండి. ఈ మందుతో పడిన షుగర్ ఒకసారి లేచి మళ్ళీ పడుతుంది, అందుకని లేచింది కదా అని అలాగే పడుకోబెట్టకండి. 54 కన్నా కిందికి వచ్చినా, మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. స్పృహ లేకపోతే నోట్లో పంచదార నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చేయండి. ఇంకొక మాట. షుగర్ ఉన్నవాళ్ళలో గుండె సమస్య నొప్పి లేకుండా ఒట్టి చెమటగా కూడా రావచ్చు. మీటర్‌లో షుగర్ బాగానే ఉండి చెమటలు పడుతుంటే ఇంట్లో కూర్చోకుండా ఈసీజీ తీయించండి.

ఇక ఉప్పు. మీ అమ్మాయి ప్రేమగానే పంపింది, తప్పు ఆమెది కాదు. లో సోడియం ఉప్పు అంటే మామూలు ఉప్పులో కొంత భాగం తీసేసి ఆ చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. బీపీ ఉన్న చాలామందికి ఇది మేలే చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో దీన్ని వాడవచ్చని సిఫారసు కూడా చేసింది. అయితే కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళకూ, పొటాషియం బయటికి పోవడంలో ఇబ్బంది ఉండే వాళ్ళకూ ఆ సిఫారసు వర్తించదని అందులోనే ఉంది. ప్యాకెట్ మీద ఆ హెచ్చరిక ఉన్నా చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని చదివేవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు.

మీ వారి విషయం చూడండి. టెల్మిసార్టాన్ మంచి మందు, షుగర్ ఉన్నవాళ్ళ కిడ్నీలకు కాపుదల కూడా. కానీ అది ఒంట్లో పొటాషియాన్ని కొంచెం పట్టి ఉంచుతుంది. దాని మీద పొటాషియం కలిసిన ఉప్పు, కూరల్లో, ఆవకాయలో, రోజూ. వీటి మీద మోకాళ్ళ బిళ్ళ. మీరు దాని పేరు రాయలేదు. మెడికల్ షాపులో ఇచ్చేది చాలాసార్లు డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో అయి ఉంటుంది. అది కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది, పొటాషియాన్ని ఇంకా పెంచుతుంది, బీపీని కూడా ఎక్కిస్తుంది. పదకొండేళ్ళ షుగర్‌కు ఆ కిడ్నీలు ఇప్పటికే ఎంత నలిగాయో మనకు తెలీదు. పొటాషియం పెరిగితే నీరసం తప్ప వేరే గుర్తు కనిపించకపోవచ్చు, ఒక్కోసారి అదీ ఉండదు, నేరుగా గుండె కొట్టుకునే తీరే తప్పుతుంది. పైగా కిడ్నీ మందగిస్తే గ్లిమిపిరైడ్ ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలబడి షుగర్‌ను ఇంకా పడగొడుతుంది. మీరు వేర్వేరుగా రాసిన చెమటలు, ఉప్పు, మోకాళ్ళు నా కంటికి ఒకే కథగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ మెడికల్ షాపు బిళ్ళల గురించి నేను ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క లేదు, చదివేవాళ్ళకు విసుగొచ్చినా మళ్ళీ రాస్తాను. కిందటి సంక్రాంతి తర్వాత ఒక రైతు వచ్చాడు. కాళ్ళ వాపులు. నాలుగు నెలలుగా నడుం నొప్పికి రోజుకు రెండు రంగు బిళ్ళలు. పేరు అడిగితే "ఎర్రటి స్ట్రిప్ అండీ" అన్నాడు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, 4 దాటింది. షుగర్ మాత్ర, బీపీ మాత్ర అయితే మందులంటారు, డాక్టరు ముందు చెబుతారు. నొప్పి బిళ్ళ మాత్రం చాక్లెట్ లెక్కన జేబులో ఉంటుంది, అడిగితే తప్ప చెప్పరు. మీరూ ఉత్తరం ఆఖర్న, పోనీలే రాద్దామన్నట్టు రాశారు. డాక్టరు చూసేదాకా ఆ బిళ్ళ వేయవద్దని మీ వారికి గట్టిగా చెప్పండి. నొప్పి భరించలేకపోతే పారాసెటమాల్ కొంత నయం, అదీ ఎంత, ఎన్నాళ్ళు అన్నది డాక్టరునే అడగండి. మోకాళ్ళకు నాలుగు కిలోల బరువు తగ్గడం కూడా మందే, అది మీరు ఇచ్చారు.

కిందటి దసరా అన్నారు. ఒక్క చీటీతో ఇన్నాళ్ళు మందులు తెచ్చుకోవడం మన ఊళ్ళలో మామూలే, షాపు వాళ్ళూ ఇచ్చేస్తారు. ఈ వారంలోనే, చెమటలు ఆగకపోతే రేపే, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మూడు నెలల సగటు షుగర్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్షలు చేయించండి. అన్ని మందుల స్ట్రిప్‌లూ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి, ఆ మోకాళ్ళ బిళ్ళతో సహా, ఆ ఉప్పు ప్యాకెట్‌తో సహా.

ఇప్పుడు మీ కంచం. డోసు సరిచేశాక ఎలా ఉండాలన్నది చెబుతున్నాను, ఈ రాత్రికి కాదు. కొర్రలైనా అండుకొర్రలైనా మీకు దొరికినవి, ఆయన నమలగలిగినవి వండండి. పీచు ఎక్కువ కాబట్టి షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. పిండి పదార్థం లేని గింజలు కావవి. వంద గ్రాముల పచ్చి బియ్యంలో 78 గ్రాముల దాకా ఉంటే, కొర్రల్లోనూ 60 గ్రాములు ఉంటుంది. బియ్యమే కావాలంటే తెలంగాణ సోనా అని ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం ఉంది, దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ ఎంత వేగంగా ఎక్కుతుందో చెప్పే అంకె, 51 దగ్గర ఉందని పేరు. దాన్ని "షుగర్ లేని బియ్యం" అని అమ్ముతారు, నమ్మకండి. షుగర్ లేని బియ్యం లేదు. ఆ పేరు విని మూడు మార్లు పెట్టించుకున్న పేషెంట్లు నాకు ఉన్నారు.

ముద్దపప్పుకు నేను అడ్డు చెప్పను. నా రాత్రి భోజనం కూడా వారంలో సగం రోజులు అదే. కొలత మాత్రం తిరగేయండి: అన్నానికి పప్పు నంజుకున్నట్టు కాకుండా, పప్పులో అన్నం కలిసినట్టు ఉండాలి. కందిపప్పు దోరగా వేయించి గట్టిగా ఉడికించి, అందులో ఉప్పు అసలు వేయకండి, ఆవకాయ ఎలాగూ ఉంది. పక్కన సొరకాయో, బీరకాయో, దొండకాయో, కంచంలో దాదాపు సగం ఉండాలి. అప్పడం, ఊరమిరపకాయ ఆ పూట వద్దు. రిపోర్టులో పొటాషియం ఎక్కువని వస్తే పప్పు, ఆకుకూరల కొలత కూడా మారుతుంది, అప్పుడు పై మాటలు పక్కనపెట్టి మీ డాక్టరు చెప్పినట్టు చేయండి.

నెయ్యికి బదులు ఏమీ వద్దు, నెయ్యే వేయండి. ఒక టీ స్పూను, 5 గ్రాములు, 45 కేలరీలు. వేడి అన్నం మీద చివర్లో వేస్తే వాసనకే తృప్తి పడతారు. కొలెస్ట్రాల్ మరీ ఎక్కువుంటే అప్పుడు ఆలోచిద్దాం. నెయ్యి మానిపించి, ఆవకాయ మీద తేలే పప్పునూనెను రెండు గరిటెలు పోసుకునే ఇళ్ళు చూశాను, ఆ నూనె ఎవరి లెక్కలోనూ ఉండదు.

అసలు ఆరోగ్యం చూడాల్సింది ఆవకాయ దగ్గర. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటకూడదంటారు, అంటే ఒక టీ స్పూను. ఆవకాయ పిండి ఒక టీ స్పూనులోనే దగ్గర దగ్గర గ్రాము ఉప్పు పోతుంది, ఇంటింటి కొలతను బట్టి కాస్త అటూ ఇటూ. కాబట్టి ఒక చిన్న ముక్క, దాని చుట్టూ అంటుకున్న పిండి, అంతవరకే. మామిడికాయల రోజుల్లో అయితే పచ్చి మామిడి ముక్కల్లో ఆవపిండి, కారం, చిటికెడు మామూలు ఉప్పు వేసి అప్పటికప్పుడు కలిపి పెట్టండి, రెండు రోజులకు సరిపడా. రుచి దాదాపు అదే, ఉప్పు బాగా తక్కువ. సైంధవ లవణం వాడతామని ఇంకెవరో చెబుతారు మీకు. అదీ సోడియం క్లోరైడే, పైగా చాలా ప్యాకెట్లలో అయోడిన్ ఉండదు.

ఈ ఏడు పెట్టిన ఆ జాడీ మాత్రం రిపోర్టు వచ్చేదాకా మూత తీయకండి. పొటాషియం, కిడ్నీ సరిగ్గా ఉండి డాక్టరు సరేనంటే అప్పుడు చూడొచ్చు. లేదంటే జాడీ మొత్తం మీ అమ్మాయికే పంపించండి, వాళ్ళింట్లో ఎవరికీ బీపీ మందులు, కిడ్నీ జబ్బు లేవని ఒక్కసారి అడిగి.