లావణ్యకు, కిరాయి సైన్యాల జమాఖర్చుల గురించి

అమ్మా లావణ్యా,

రష్యా కిరాయి సైన్యం వాగ్నర్ మీద నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. (సార్ అనొద్దని చెప్పినా మళ్ళీ సార్ అనే మొదలుపెట్టావు, సరే.) రాయగలవు, అందులో అనుమానం లేదు. ఉక్రెయిన్‌లోని బఖ్ముత్ శిథిలాలు, ముసుగులు, సుత్తి, జైళ్ళ నుంచి పట్టుకొచ్చిన ఖైదీలు, అన్నీ కళ్ళకు కట్టాయి. కానీ ఇంత రాసినదానివి, ఆ ఖైదీకి నెల తిరిగేసరికి జీతం ఎవరిచ్చారో ఒక్కచోటా రాయలేదు. మన ఊళ్ళో సిమెంటు రోడ్డు వేస్తేనే బిల్లు ఎవరి పేరున పాసైంది, కాంట్రాక్టరు సర్పంచికి ఏమవుతాడు అని అరుగు మీద కూర్చున్నవాళ్ళు కూడా అడుగుతారు. వేలమంది సైన్యం దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న ఎలా మర్చిపోయావమ్మా?

బఖ్ముత్‌ని కాసేపు పక్కన పెట్టు. 2023 జూన్ 27న మొదలుపెట్టు. వాగ్నర్ యజమాని ప్రిగోజిన్ తిరగబడి, మాస్కో దారి పట్టి, సగంలో వెనక్కి మళ్ళి అప్పటికి మూడు రోజులు. ఆ రోజు పుతిన్ సైనికుల ముందు కూర్చుని, వాగ్నర్‌ని పూర్తిగా పోషించింది ప్రభుత్వమేనని చెప్పేశాడు. 2022 మే నుంచి 2023 మే దాకా జీతాలకీ ప్రోత్సాహకాలకీ 8,626 కోట్ల రూబుళ్ళు. ఏళ్ళ తరబడి మాకూ వాళ్ళకీ సంబంధం లేదన్న ప్రభుత్వం, కిరాయి సైనికుడిగా పనిచేయడం నేరమని తన క్రిమినల్ కోడ్ 359వ ఆర్టికల్‌లో రాసుకున్న ప్రభుత్వం, కోపం వచ్చాక లెక్క చెప్పింది! అదే ఊపులో ఇంకో అంకె కూడా బయటపెట్టాడు. ప్రిగోజిన్‌దే అయిన కాంకర్డ్ కంపెనీ సైన్యానికి భోజనాలు సరఫరా చేసి అదే ఏడాదిలో సంపాదించింది 8,000 కోట్ల రూబుళ్ళట. ఇందులో ఎవరూ ఏమీ కాజేయలేదనుకుంటాను, కాజేసినా కొంచెమే అయ్యుంటుందిలే అన్నట్టు ఒక మాట కూడా విసిరాడు. ఆ రెండు అంకెలనీ పక్కపక్కన పెట్టి చూడు. కొట్లాడినవాళ్ళ జీతాలెంతో, వంట బిల్లూ దాదాపు అంతే.

అందుకే ప్రిగోజిన్‌ని 'పుతిన్ వంటవాడు' అని నువ్వు ఆరుసార్లు రాసినచోట ఐదు కొట్టేశాను. అతను గరిటె పట్టి పైకొచ్చినవాడు కాదు, కాంట్రాక్టులు పట్టి వచ్చినవాడు. దొంగతనం, దోపిడీ కేసుల్లో తొమ్మిదేళ్ళు జైల్లో ఉండి, 1990లో బయటపడి, లెనిన్‌గ్రాడ్‌లో హాట్‌డాగులు అమ్మి, తర్వాత రెస్టారెంట్లు పెట్టి, పుతిన్ తన విదేశీ అతిథులను ఆ రెస్టారెంట్లకే తీసుకొచ్చేంత దగ్గరై, అక్కణ్ణుంచి బడిపిల్లల భోజనాల కాంట్రాక్టు, ఆపైన సైన్యం కాంట్రాక్టు. ఒక మెట్టు మీద కాలు పెట్టాకే రెండోది. ఆ మెట్లు వరసగా చూపిస్తే చాలు, 'క్రూరుడు', 'నరరూప రాక్షసుడు' లాంటి మాటలు నీకు అవసరం రావు.

బయటి దేశాల్లో డబ్బు దారి వేరు. సిరియాలో ప్రిగోజిన్ మనుషుల ఎవ్రో పోలిస్ అనే కంపెనీ అక్కడి ప్రభుత్వంతో రాసుకున్న ఒప్పందం ప్రకారం, ఐసిస్ చేతుల్లోంచి విడిపించిన చమురు, గ్యాస్ బావుల ఉత్పత్తిలో నాలుగో వంతు కంపెనీది. మనవాళ్ళు పొలం పాలుకు ఇచ్చినట్టే, కాకపోతే ఇక్కడ దున్నడానికి నాగలి బదులు తుపాకీ. సూడాన్‌లో బంగారానికి మెరోయ్ గోల్డ్, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో లోబాయే ఇన్వెస్ట్. ఏ బోర్డు మీదా వాగ్నర్ పేరు కనపడదు. నీ వ్యాసంలో ఈ కంపెనీల పేర్లు ఒక్కసారి కూడా రాలేదు, అసలు కథంతా వీటిల్లోనే ఉంది. 2018 జూలైలో ఈ మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లోనే వాగ్నర్ సంగతి చిత్రీకరించడానికి వెళ్ళిన ముగ్గురు రష్యన్ జర్నలిస్టులను కాల్చి చంపారు. ప్రిగోజిన్ మాత్రం 2022 సెప్టెంబర్ దాకా వాగ్నర్ తనది కాదనే అంటూ వచ్చాడు, తనదేనని రాసినవాళ్ళ మీద కేసులు కూడా వేశాడు.

ఇదంతా రష్యా జబ్బు అన్నట్టు ముగించావు చూడు, అక్కడ నాకు చిరాకేసింది. 2004 మార్చి 31న ఇరాక్‌లోని ఫల్లూజాలో అమెరికా ప్రైవేటు భద్రతా కంపెనీ అయిన బ్లాక్‌వాటర్‌కి చెందిన నలుగురు మనుషులను చంపి, కాలిన శవాలను వంతెనకు వేలాడదీసిన ఫొటో అందరికీ గుర్తే. వాళ్ళు ఆ రోజు ఎవరి పని మీద వెళ్తున్నారో ఎంతమందికి తెలుసు? వంటశాలల సామాను తేవడానికి వెళ్తున్న లారీలకు కాపలా! బ్లాక్‌వాటర్ పైన కువైట్‌లోని ఒక హోటల్ కంపెనీ, దాని పైన భోజనాలు పెట్టే ఈఎస్ఎస్, దాని పైన అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఒకప్పుడు నడిపిన హాలిబర్టన్‌కి చెందిన కేబీఆర్, అందరికీ పైన అమెరికా సైన్యం. మెయిన్ కాంట్రాక్టరు, సబ్ కాంట్రాక్టరు, ఆ కింద మేస్త్రీ... ప్రతివాడూ తన ఖర్చూ లాభమూ కలిపి పైవాడికి బిల్లు పెట్టడమే. చివరికి ఆ కాపలా ఖర్చు తన ఖాతాలోకే వచ్చిందని అమెరికా సైన్యం ఒప్పుకోవడానికి 2007 దాకా పట్టింది, అదీ కాంగ్రెస్ కమిటీ కూర్చోబెట్టి అడిగితే.

ఇక రాజకీయ సంబంధాలు. ఇక్కడ కాస్త నెమ్మదిగా నడువు. నా కుర్రతనంలో ఒక గనుల కంపెనీ యజమాని మంత్రికి బంధువని, అందుకే లీజు వచ్చిందని పెద్ద వ్యాసం రాశాను. బంధుత్వం నిజమే. లీజు మాత్రం ఆ మంత్రి రాకముందు ఇచ్చింది! సవరణ వేసుకున్నాం, వారం రోజులు ఆఫీసులో తల ఎత్తలేకపోయాను. కాబట్టి బ్లాక్‌వాటర్ పెట్టిన ఎరిక్ ప్రిన్స్ రిపబ్లికన్లకు విరాళాలిచ్చే కోటీశ్వరుల ఇంటివాడని, అతని అక్క బెట్సీ డెవాస్ తర్వాత ట్రంప్ కేబినెట్‌లో విద్యా మంత్రి అయిందని రాయి, తప్పు లేదు, కానీ అది రుజువు కాదు. రుజువులాంటిది కావాలంటే తేదీలు చూడు. 2003లో ఇరాక్‌లో అమెరికా పాలనాధికారి పాల్ బ్రెమర్‌కి రక్షణ కల్పించే 2.77 కోట్ల డాలర్ల కాంట్రాక్టు పోటీ టెండర్ లేకుండానే బ్లాక్‌వాటర్‌కి దక్కింది. 2004 జూన్‌లో అదే బ్రెమర్, ఇరాక్ వదిలి వెళ్ళే ముందు రోజు, కాంట్రాక్టర్ల మీద ఇరాక్ కోర్టుల్లో కేసులు నడవకుండా పదిహేడో నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. 2007లో బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ గార్డుల కాల్పుల్లో 17 మంది ఇరాకీలు చనిపోయారు. ఆ కేసులో అమెరికా కోర్టు శిక్షించిన నలుగురిని 2020 డిసెంబరులో ట్రంప్ క్షమించి వదిలేశాడు. వీటి మధ్య 'కాబట్టి', 'అందువల్లే' అనే మాటలు నువ్వు పెట్టకు. పాఠకుడు పెట్టుకుంటాడు.

మన తెలుగువాళ్ళకిది ఎందుకు అని అడిగావు కదా. 2024లో రష్యా యుద్ధంలో చనిపోయిన హైదరాబాద్ కుర్రాడు గుర్తున్నాడా? హెల్పర్ ఉద్యోగమని ఏజెంటు చెబితే వెళ్ళాడు. సీబీఐ కేసు కూడా పెట్టింది. అది వాగ్నర్ కాదు, రష్యా సైన్యం, రెండింటినీ కలిపి రాస్తే ఊరుకోను. కానీ ఏజెంట్ల గొలుసు ఉంది చూశావూ, యూట్యూబ్ వీడియో పెట్టినవాడు, దుబాయ్‌లో డబ్బు తీసుకున్నవాడు, మాస్కోలో దించుకున్నవాడు, వాళ్ళలో ఎవరికెంత ముట్టిందన్నది ఎవరూ సరిగ్గా రాయలేదు. దానికి నువ్వు రష్యా వెళ్ళక్కర్లేదు, బస్సెక్కితే చాలు. ఆ ఇంటికి మాత్రం వెళ్ళీ వెళ్ళగానే ఫోన్ రికార్డరు బయటికి తీయకు.

రెండో డ్రాఫ్ట్ ఎనిమిది పేజీలు దాటనివ్వకు. పీడీఎఫ్ పంపకు, నా ఫోన్‌లో అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలుగా కనపడుతున్నాయి.

మీ
బాబాయ్ (సార్ కాదు)