వంట క్లాసులో పిల్లలకు ప్రపంచ సంస్కృతులు ఎలా పరిచయం చేయాలి?

ఒక క్లాసుకు ఒక్క వంటకమే పెట్టుకోండి. గంటలో నాలుగు దేశాలు తిప్పేస్తే జెండాలు తప్ప ఏమీ గుర్తుండవు. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు మెక్సికో టోర్టియాతో (పలుచటి మొక్కజొన్న రొట్టె) మొదలుపెట్టవచ్చు. పదార్థాలు మూడే, పనంతా చేతులతోనే.

ఎనిమిది మందికి 2 కప్పుల మాసా పిండి (టోర్టియాలకు వాడే ప్రత్యేకమైన మొక్కజొన్న పిండి), అర చెంచా ఉప్పు, ఒకటిన్నర కప్పుల గోరువెచ్చని నీళ్లు. కలిపి, తడిబట్ట కప్పి 20 నిమిషాలు ఉంచాలి. నిమ్మకాయంత ఉండను రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి బరువైన పళ్లెంతో నొక్కాలి. అంచులు పగిలితే నీళ్లు చాలలేదని, కవరుకు అంటుకుంటే ఎక్కువయ్యాయని. బాగా కాలిన పెనం మీద ఒక్కో వైపు నిమిషం. ఆ పని పెద్దవాళ్లదే. ఎలర్జీల సంగతి ముందురోజే అడిగి రాసుకోండి.

మాసా బదులు మామూలు మొక్కజొన్న పిండి తెచ్చేవాళ్లు చాలామంది. అది సరిగా ముద్ద కట్టదు, నొక్కితే విరిగిపోతుంది. పారేయకండి, అసలు పాఠం అందులోనే ఉంది! రెండు ముద్దలూ పక్కపక్కన పెట్టి పిల్లల చేతే నొక్కించండి. మాసా అంటే సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి రుబ్బిన మొక్కజొన్న. సున్నం వల్ల గింజ పొట్టు ఊడుతుంది, పిండికి జిగురొస్తుంది, అందులోని నియాసిన్ అనే బి విటమిన్ ఒంటికి పడుతుంది. అమెరికా ఖండాల నుంచి మొక్కజొన్న యూరప్‌కు వెళ్లింది గానీ ఈ పద్ధతి వెంట వెళ్లలేదు. దాంతో మొక్కజొన్న మీదే బతికిన పేదలకు నియాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది.

‘మెక్సికోలో అందరూ ఇదే తింటారు’ అని మాత్రం చెప్పకండి. ఉత్తర ప్రాంతాల్లో గోధుమ టోర్టియాలూ బాగా వాడుక.