ఐదుగురికీ కాల్స్ చెప్పబోయే చిన్నికి

చిన్నీ,

ఇకనుంచి మీ వాలరెంట్ (ఐదుగురేసి జట్లు తుపాకులతో తలపడే గేమ్) జట్టులో కాల్స్ చెప్పేది, అంటే ఆట మధ్యలో ఎవరేం చేయాలో మైక్‌లో చెప్పేది నువ్వేనని మీ అన్నయ్య చెప్పాడు. చాలా సంతోషం వేసింది. నీ గురి బాగుంటుంది, నాకు తెలుసు. కానీ వాళ్ళు నిన్ను ఐజీఎల్‌ని (ఆటలో జట్టును నడిపించే నాయకురాలిని) చేసింది గురి చూసి కాదు, నువ్వు చెబితే వింటారు కాబట్టి. ఇన్నేళ్ళు ఆడి, తర్వాత కుర్ర జట్లకు కోచింగ్ ఇస్తూ నేను తెలుసుకున్నది నీకు ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మైక్ నొక్కేముందు ఒక్కటే ఆలోచించు. ఈ మాట వింటే నీ టీమ్‌మేట్ రాబోయే మూడు నాలుగు సెకన్లలో చేసే పని ఏమైనా మారుతుందా? మారుతుందంటే వెంటనే చెప్పు. లేదంటే రౌండ్ అయ్యేదాకా ఆపుకో. వాలరెంట్‌లో సగం ఆట చెవులతోనే ఆడతాం. అడుగుల చప్పుడు, రీలోడ్ శబ్దం, ఎక్కడో స్కిల్ వాడిన శబ్దం, ఇవన్నీ మీ మాటల మధ్యే వినపడాలి. అనవసరమైన ప్రతి మాటా వీటిలో ఏదో ఒకదాన్ని మింగేస్తుంది.

కొత్త జట్లలో నాకు ఎక్కువగా వినిపించే కాల్‌అవుట్ (శత్రువు ఎక్కడున్నాడో చెప్పే మాట) ఇది: "ఇక్కడున్నాడు, ఇక్కడే, అబ్బా, పోయాను!" ఎక్కడ? ఎంతమంది? దెబ్బ తగిలిందా లేదా? విన్నవాడికి ఒక్కటీ తెలియదు. అదే టైమ్‌లో "ఏ మెయిన్, ఇద్దరు, జెట్‌కి 80" అని చెప్పొచ్చు. ఏ మెయిన్ అంటే ఏ సైట్‌కి (స్పైక్ అనే బాంబు పెట్టే చోటుకి) వెళ్ళే దారి, జెట్ అవతలి జట్టులోని క్యారెక్టర్. ముందు చోటు, తర్వాత ఎంతమంది, ఆ తర్వాత డ్యామేజీ. ఈ వరస నేను ఊరికే పెట్టింది కాదు. మాట మధ్యలో నువ్వు చచ్చిపోయినా చోటు మాత్రం అవతలికి చేరిపోతుంది.

ఆ 80 ఎందుకంటావా? వాండల్ తుపాకీ బుల్లెట్ ఒంటికి తగిలితే 40 పోతుంది. హెవీ షీల్డ్ వేసుకున్నవాడికి హెల్త్ 100, షీల్డ్ 50, మొత్తం 150. అందులో 80 పోతే మిగిలింది 70, ఇంకో రెండు తగిలితే చాలు. ఈ లెక్క తెలిసిన టీమ్‌మేట్ దాక్కోడు, ధైర్యంగా ఎదురెళ్తాడు. "లో ఉన్నాడు, లో ఉన్నాడు" (హెల్త్ తక్కువగా ఉందని) అని అరిస్తే మాత్రం ఎంత లో అన్నది ఎవరికీ తెలియదు. నమ్మి వెళ్ళినవాడు రెండుసార్లు చస్తే, మూడోసారి నిజంగా లో ఉన్నా ఎవరూ కదలరు. చనిపోగానే కాంబాట్ రిపోర్టులో నువ్వు ఎవరికి ఎంత కొట్టావో కనిపిస్తుంది. ఒక్క క్షణం దాన్ని చూసి అంకె చెప్పడం అలవాటు చేయించు.

ఇంకో సంగతి, శత్రువు కనపడకపోవడం కూడా వార్తే. "బీ మెయిన్‌లో చప్పుడు లేదు" అన్న ఒక్క మాటతో ఇద్దరు ముందుగా రొటేట్ అవ్వగలరు, అంటే ఇంకో సైట్‌కి మారగలరు. పాత సమాచారమైతే పాతదని చెప్పాలి. "మార్కెట్‌లో చూశాను, ఐదు సెకన్లయింది" అనడానికీ, "మార్కెట్‌లో ఉన్నాడు" అనడానికీ చాలా తేడా ఉంది. చోట్ల పేర్లు ఐదుగురూ ఒకేలా పిలవాలి. ఏ పేరైనా పరవాలేదు. కస్టమ్ గేమ్‌లో అందరూ కలిసి మ్యాప్ అంతా ఒకసారి తిరిగి, మూలమూలకీ పేరు ఖాయం చేసుకోండి.

ఇక నీ పని. రౌండ్‌కి ఉన్నది 100 సెకన్లే, చర్చలకి టైమ్ చాలదు. ఏం చేయబోతున్నామో బై ఫేజ్‌లోనే (రౌండ్‌కి ముందు తుపాకులు కొనుక్కునే టైమ్‌లోనే) చెప్పెయ్. రౌండ్ మొదలయ్యాక "ఏకి వెళ్దామా, బీకి వెళ్దామా?" అని అడగకు. "బీకి వెళ్తున్నాం" అను. అది అంత మంచి ప్లాన్ కాకపోయినా, ఐదుగురూ కలిసి వెళ్తే చాలాసార్లు పనైపోతుంది. ఎంత మంచి ప్లానైనా ఇద్దరు వెళ్ళి ముగ్గురు ఆగిపోతే రౌండ్ పోయినట్టే. అయితే ఎదురుగా ఉన్నది చూస్తున్నవాడు "ఇక్కడ ముగ్గురున్నారు, వద్దు" అంటే నీ ప్లాన్ అక్కడే వదిలెయ్. నీకు కనపడనిది వాడికి కనపడుతోంది.

సైట్‌లోకి మొదట దూరేవాడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, జట్లు ఎక్కువగా ఇక్కడే విరిగిపోతాయి. ఎంట్రీ వాడు చస్తానని తెలిసే వెళ్తాడు. తన వెనక ఒకరున్నారని, తనను చంపినవాడిని వెంటనే చంపుతారని నమ్మితేనే వెళ్తాడు. ఆ నమ్మకం మాటతో ఇవ్వాలి. "నీ వెనకే ఉన్నా" అన్నాక నిజంగా వెనకే ఉండాలి. ఫ్లాష్ (కాసేపు కళ్ళు కనపడకుండా చేసే వెలుగు) వేసేవాళ్ళు వేశాక చెబితే ఏం లాభం? మనవాళ్ళ కళ్ళు కూడా పోతాయి. "మూడు, రెండు, ఒకటి" అని లెక్కపెట్టి వెయ్యమను. ఎంట్రీ వాడికి ఎప్పుడు కదలాలో ఆ లెక్కే చెబుతుంది.

ఇప్పుడు క్లచ్, అంటే ఒక్కరే మిగిలి రౌండ్ గెలిపించాల్సిన పరిస్థితి. మీరు స్పైక్ పెట్టారు. అది పేలడానికి 45 సెకన్లు. దాన్ని పేలకుండా ఆపే డిఫ్యూజ్‌కి 7 సెకన్లు పడుతుంది. 3.5 సెకన్లు దాటితే సగం అయినట్టే, మధ్యలో వదిలేసి మళ్ళీ వచ్చినా ఆ సగం పోదు. మీలో ఒక్కరే మిగిలారు, అవతల ఇద్దరు. డిఫ్యూజ్ శబ్దం మొదలైంది, ఆగిపోయింది. వాడు నిజంగా లేచాడా, ఎర వేస్తున్నాడా? రెండోవాడి అడుగులు ఎటువైపు? మిగిలినవాడు ఊపిరి బిగబట్టి వినేది ఇదే. అదే క్షణంలో నాలుగు గొంతులు, "వెళ్ళు వెళ్ళు", "ఆగు, టైముంది", "వెనక చూడు!" అడుగుల చప్పుడు అందులో కలిసిపోతుంది.

అందుకే ఒక నియమం పెట్టు. ఒక్కరు మిగిలితే మిగతా మైకులన్నీ ఆఫ్. నువ్వు చనిపోయి ఉంటే నీది ఒక్కటే ఆన్‌లో ఉంటుంది. నువ్వు కూడా రెండే చెప్పాలి: ఎంత టైముంది, డిఫ్యూజ్ సగం అయిందా లేదా. ఆడుతున్నది నువ్వే అయితే ఆ పని ఎవరికి అప్పగిస్తున్నావో మ్యాచ్‌కి ముందే ఖాయం చెయ్. మిగతా సలహాలు మిగిలినవాడు అడిగితేనే.

ఆటలో వచ్చే డబ్బు విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. వాండల్ 2900, హెవీ షీల్డ్ 1000. ఐదుగురూ కలిసి కొనాలి, లేదా ఐదుగురూ కలిసి ఆపుకోవాలి. ఎవరైనా చెప్పకుండా కొనేస్తే ఈ రౌండూ పోతుంది, పై రౌండూ పోతుంది. "సేవ్" అని నువ్వు గట్టిగా ఒక్కసారి చెబితే చాలు.

ఓడిన రౌండ్ తర్వాత వచ్చే పది సెకన్లే నాకు అన్నిటికంటే ముఖ్యం. "ఎందుకు పీక్ చేశావ్?" (ఎందుకు మూల నుంచి తొంగిచూశావ్) అని అడిగితే ఎదుటివాడు జవాబు వెతుక్కుంటాడు, తర్వాతి రౌండ్ మీద ధ్యాస ఉండదు. "ఈసారి నేను ఫ్లాష్ వేస్తా, అప్పుడు పీక్ చెయ్" అను. తప్పు అదే, వాడికీ అర్థమవుతుంది, చేతిలో ఒక పని కూడా పెట్టినట్టవుతుంది. డెన్మార్క్ కౌంటర్‌స్ట్రైక్ జట్టు ఆస్ట్రాలిస్‌కి ఒకప్పుడు పెద్ద మ్యాచ్‌ల్లో తడబడుతుందని పేరు. వాళ్ళు స్పోర్ట్స్ సైకాలజిస్టును పెట్టుకున్నారు. 2017లో మొదటి మేజర్ (ఆ గేమ్‌లో అతి పెద్ద టోర్నమెంట్) గెలిచారు, 2018, 2019లలో వరసగా మూడు గెలిచారు. అంత నైపుణ్యం ఉన్నవాళ్ళే టెన్షన్‌ని తట్టుకోవడాన్ని ప్రాక్టీస్ చేయాల్సిన పనిగా చూశారు. నువ్వూ అలాగే చూడు. నీ గొంతులో చిరాకు వినపడితే నలుగురి చేతులూ బిగుసుకుపోతాయి.

ర్యాంక్డ్‌లో (ర్యాంకు కోసం ఆడే మ్యాచ్‌ల్లో) తెలియనివాళ్ళతో ఆడేటప్పుడు ఆడపిల్ల గొంతు వినగానే వెకిలిగా మాట్లాడేవాళ్ళు తగులుతారు. వాళ్ళకి జవాబు చెప్పాల్సిన బాధ్యత నీకు లేదు. మొదటి మాటకే మ్యూట్ చేసి, రిపోర్ట్ చేసి, పింగ్‌లతో (మ్యాప్ మీద పెట్టే గుర్తులతో) ఆడుకో. 2019లో వచ్చిన అపెక్స్ లెజెండ్స్ అనే గేమ్ మైక్ లేకుండా పింగ్‌లతోనే ఎంత చెప్పుకోవచ్చో అందరికీ చూపించింది. అలాంటివాళ్ళకు భయపడి నీ మైక్ శాశ్వతంగా ఆపెయ్యకు. నీ గొంతు మీ జట్టుకి కావాలి.

వచ్చే స్క్రిమ్ (ఇంకో జట్టుతో ఆడే ప్రాక్టీస్ మ్యాచ్) మాటలతో సహా రికార్డ్ చేయండి. తర్వాత స్క్రీన్ చూడకుండా ఆడియో మాత్రం వినండి. ఎవరు ఎక్కడున్నారో మాటల్ని బట్టే తెలుస్తోందా? తెలియని చోటల్లా ఆపి, అక్కడ ఏం చెప్పి ఉండాల్సిందో ఐదుగురూ కలిసి తేల్చుకోండి. ఆ ఫైల్ నాకూ పంపు, నేనూ వింటాను.

మీ బాబాయ్