కొట్టేసిన ఒక్క వాక్యం

కడప

అమ్మీ,

నీ వ్యాసం మొన్న శుక్రవారం అందింది. చేత్తో రాసి పంపినందుకు సంతోషం. ఎక్కడ ఆగావో, ఎక్కడ తడబడ్డావో, ఏ మాట కొట్టేసి ఏ మాట పెట్టావో కాగితం మీద అన్నీ కనిపిస్తాయి. రెండుసార్లు చదివాను. తర్వాత నువ్వు రాసిన సినిమా, ‘టెన్ థింగ్స్ ఐ హేట్ అబౌట్ యూ’, మళ్లీ పెట్టుకుని చూశాను. ఉన్నది 97 నిమిషాలే. మీ పెద్దమ్మ కూడా పక్కన కూర్చుంది. ఆమెకు సగం మాటలు అర్థం కాలేదు, అయినా మధ్యలో లేవలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

1999లో వచ్చిన హైస్కూలు కుర్రకారు కామెడీ ఇప్పటికీ నిలబడుతుందా అన్నది నీ ప్రశ్న. మంచి ప్రశ్నే. జవాబు కోసం నువ్వు నచ్చినవి ఒక వైపు, నచ్చనివి ఒక వైపు రాసుకుంటూ పోయి, చివర ఐదుకు మూడు చుక్కలు వేశావు. భాష బాగుంది, తప్పులు లేవు. కానీ ఈ వ్యాసాన్ని ఆ కథ జరిగే సియాటిల్‌లో ఉన్న ఒక విద్యార్థి రాసినా ఇలాగే ఉంటుంది. నాగరాజుపేటలో, మీ ఇంటి మిద్దె మీద కూర్చుని ఫోన్‌లో చూసిన నువ్వు ఇందులో ఎక్కడా లేవు. ఒక్క చోట ఉన్నావు, అక్కడ కొట్టేసుకున్నావు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది దాని కోసమే.

ముందు ఒక చిన్న మాట. పాతబడటం వేరు, చెడిపోవటం వేరు. ఆ సినిమాలో ఎవరి చేతిలోనూ స్మార్ట్‌ఫోన్ లేదు, పార్టీ ఉందని చెప్పడానికి కాగితాలు పంచుతారు, బట్టలు ఆ కాలంవి. ఇవి పాతబడినవి. వీటి మీద నువ్వు పేజీన్నర ఖర్చు పెట్టావు. అందులో మూడు వాక్యాలు ఉంచుకుని మిగతాది తీసెయ్యి.

ఇక కథలోకి వద్దాం. ఆ కథకు ఒక మెలిక ఉంది. అక్క క్యాట్ ఎవరితోనైనా బయటికి వెళ్తేనే చెల్లెలు బియాంకాకు అనుమతి. ఇది తండ్రి పెట్టిన షరతు. ఆయన కాన్పులు చేసే డాక్టర్, పసివయసులో తల్లులైన పిల్లలను రోజూ చూస్తుంటాడు, అందుకే ఆ భయం. దాంతో క్యాట్‌ను బయటికి తీసుకెళ్లడానికి ప్యాట్రిక్ అనే కుర్రవాడికి డబ్బిస్తారు. తండ్రి షరతును నువ్వు ‘నమ్మశక్యం కాని ప్లాట్’ అన్నావు. ఇంగ్లీషులో రాసేవాళ్లు కూడా అలాగే అంటారు, ఎందుకంటే వాళ్ల ఊళ్లో అలాంటి రూలు లేదు. ఈ సినిమాకు మూలం షేక్‌స్పియర్ నాటకం ‘ది టేమింగ్ ఆఫ్ ద ష్రూ’, అంటే గయ్యాళిని లొంగదీయటం. అందులోంచి 400 ఏళ్ల కిందటి షరతును తెచ్చి అమెరికన్ స్కూల్లో పెట్టాలంటే, ఆ తండ్రిని కొంచెం వింత మనిషిగా చెయ్యక తప్పలేదు.

మరి మన ఇళ్లలో? అక్కకు పెళ్లి కాకుండా చెల్లెలికి సంబంధం చూడటం అనే మాటే ఎత్తరు. ఎత్తితే ‘పెద్దదాంట్లో ఏం లోపముందో’ అని వీధి మొత్తం అడుగుతుంది. మీ పెద్దమ్మ లేవకుండా కూర్చున్నది అందుకే. తండ్రి షరతు ఏమిటో నేను తెలుగులో చెప్పగానే, ‘ఇందులో కొత్తేముంది, మా నాయన కూడా అదే అన్నాడు’ అంది. వాళ్లు నలుగురు అక్కచెల్లెళ్లు, ఈమె మూడోది. తన వంతు కోసం ఆరేళ్లు ఎదురుచూసింది. అమెరికాలో నవ్వు కోసం కల్పించుకున్న షరతు మన దగ్గర నవ్వు కాదు. ఆ సినిమా నిలబడిందా లేదా అని చెప్పే హక్కు నీకు ఇక్కడి నుంచే వస్తుంది అమ్మీ. దాన్ని వదిలేశావు.

నేను డిగ్రీ పిల్లలకు ‘ది టేమింగ్ ఆఫ్ ద ష్రూ’ చెప్పిన రోజులు నీకు తెలియవు. నాలుగో అంకంలో పెట్రూకియో కొత్త పెళ్లాం కేథరీన్ ముందు పెట్టిన మాంసం మాడిపోయిందని విసిరేస్తాడు. ఆమెకు తిండి లేదు, నిద్ర లేదు. తర్వాత నౌకరు వచ్చి ఇది తింటావా, అది తింటావా అని పేర్లు చెప్పి ఏదీ పెట్టడు. నోట్స్‌లో అది హాస్యం అని ఉంది. నేను కూడా హాస్యం అనే చెప్పుకుంటూ పోయాను. జమ్మలమడుగు వైపు పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, ‘అన్నం పెట్టకుండా మాట వినేలా చేసుకుంటే అందులో నవ్వేది ఏముంది సార్?’ అని అడిగింది. కరువు చూసిన ఇంటి పిల్ల. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ నాటకం గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఆ ప్రశ్న ఒక ఎత్తు. ఆ రోజు నుంచి ఏ కామెడీ చూసినా నేను ముందు చూసేది ఒక్కటే. నవ్వు ఎవరి మీద పడుతోంది, ఆ దెబ్బ తిన్న మనిషికి తర్వాత మాట్లాడే చోటు దొరికిందా?

ఇదే విత్తనం మన దగ్గరా మొలిచింది. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ నువ్వు టీవీలో చూసే ఉంటావు. దానికి మూలం ఒక కన్నడ సినిమా. చక్రపాణి అందులోకి షేక్‌స్పియర్ నాటకాన్ని కూడా కలిపారని చెబుతారు. నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి మన కడప జిల్లా మనిషే. అందులో అక్కినేని జమునను పెళ్లి చేసుకుని, తర్వాత పేదవాడినని నమ్మించి, కష్టం చేయించి దారికి తెస్తాడు. ఆ సినిమా అంటే నాకు ప్రాణం. మా అవ్వ పక్కన నేల మీద కూర్చుని చూసిన సినిమా అది. సూర్యకాంతం తెర మీదకు రాగానే హాలంతా ఒకటే నవ్వు. ఈ వయసులో చూస్తే గుండమ్మ భర్త లేని ఆడమనిషి, ఇల్లూ ఆస్తీ ఒంటిచేత్తో కాచుకోవాల్సిన మనిషి అని కూడా కనిపిస్తుంది. అయినా ప్రేమ తగ్గలేదు. ఒక సినిమాను ప్రేమిస్తూనే దాని లోపం చెప్పొచ్చు. నీ వ్యాసంలో ప్రేమ ఒక పేజీలో, లోపం ఇంకో పేజీలో విడివిడిగా ఉన్నాయి. రెండూ ఒకే వాక్యంలో ఉండగలవని నమ్ము.

ఇక్కడే బ్రౌన్ దొర గుర్తొస్తాడు. 1820లో ఈ ఊరికి వచ్చి, ఇక్కడే బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు పక్కపక్కన పెట్టి చదివించాడు. ఒక ప్రతిలో ఉన్న మాట ఇంకో ప్రతిలో ఎలా మారిందో చూస్తే తప్ప అసలు సంగతి తేలదు. ఆయన పేరుతో ఉన్న లైబ్రరీకి వారానికి రెండుసార్లు వెళ్తున్నావు కాబట్టి ఈ పని నీకు కొత్త కాదు. నాటకం, గుండమ్మ కథ, 1999 సినిమా, మూడూ పక్కపక్కన పెట్టు. చివర్లు మాత్రం చూడు.

నాటకం చివర కేథరీన్ 44 పంక్తుల ప్రసంగం చేస్తుంది. భర్తే ప్రభువు, భార్య చెయ్యి అతని పాదం కింద పెట్టాలి అంటుంది. ఆ నాటకంలో అదే అన్నిటికన్నా పొడవైన ప్రసంగం. గుండమ్మ కథ చివర పొగరు దిగి అందరూ ఒక్కటవుతారు. ఆ ఇంగ్లీషు సినిమా మాత్రం ఆ ప్రసంగం ఉండాల్సిన చోట ఒక కవిత పెట్టింది. క్లాసులో సొనెట్ రాయమంటే క్యాట్ లేచి తన కవిత చదువుతుంది. ప్యాట్రిక్‌లో ఏవేవి అసహ్యమో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయి, చివరకు అతన్ని అసహ్యించుకోలేకపోతున్నానని ఒప్పుకుని, ఏడుస్తూ బయటికి వెళ్లిపోతుంది. ఓడిపోయినట్టే ఉంటుంది కానీ ఆ మాటలు ఆమెవి. ఎవరూ ఆమె నోట పెట్టినవి కావు. రచయితలు కారెన్ మెకల్లా, కిర్‌స్టెన్ స్మిత్ ఇద్దరూ ఆడవాళ్లు. వాళ్లు ఇంకో పని కూడా చేశారు. క్యాట్ కోపానికి కారణం ఇచ్చారు. తల్లి వదిలి వెళ్లిన ఏడాది, తొమ్మిదో తరగతిలో, జోయి అనే వాడితో జరిగింది ఆమె చెల్లెలికి చెప్పే సీను ఉంది కదా. షేక్‌స్పియర్ కేథరీన్‌కు అలాంటి సీను లేదు. ఆమె అలా పుట్టిందంతే.

మన భాషలో ‘గయ్యాళి’ అనే మాట కూడా అంతే. కారణం అడగదు. మగవాడికి అంత బరువుగా వాడే మాట ఏదైనా ఉందేమో వెతికి నాకు చెప్పు. నువ్వు వ్యాసంలో ‘స్ట్రాంగ్ ఫీమేల్ క్యారెక్టర్’ అని నాలుగుసార్లు రాశావు. దాని బదులు ‘గయ్యాళి’ అనే మాటతో ఒక పేరా మొదలుపెట్టి చూడు. మీ వీధిలో ఆ పేరు పడ్డ మనిషి ఒకరు నీకు గుర్తొస్తారు. కలం దానంతట అదే నడుస్తుంది.

నువ్వు మెచ్చుకోవాల్సింది ఒకటి వదిలేశావు. పార్టీలో క్యాట్ తాగింది, తర్వాత కారులో ముద్దు పెట్టుకోబోతుంది, ప్యాట్రిక్ మొహం పక్కకు తిప్పుకుంటాడు. ఆమెకు కోపం వస్తుంది, కారు దిగి పోతుంది. తెలివిలో లేని అమ్మాయి ‘సరే’ అంటే అది సరే కాదని ఆ కుర్రవాడికి తెలుసు. అదే కాలంలో మన తెర మీద హీరో అమ్మాయి వెంటపడి, ఆమె ‘వద్దు’ అన్నా వినకుండా పాటలు పాడుతుంటే హాల్లో మేం ఈలలు వేశాం. నేనూ వేశాను. ఆ రోజులు తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది, అందుకే ఆ సీను దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

నిలబడనివి కూడా ఉన్నాయి. ప్యాట్రిక్‌ను డిటెన్షన్ (బడి అయ్యాక కూర్చోబెట్టే శిక్ష) నుంచి తప్పించడానికి క్యాట్ కోచ్ ముందు చొక్కా పైకెత్తుతుంది. అది ధైర్యం అన్నట్టు తీశారు. ఆయన పెద్దవాడు, టీచరు, ఆమె స్కూలు పిల్ల. నాకు నవ్వు రాలేదు, మీ పెద్దమ్మ తల తిప్పుకుంది. నువ్వు ఒక ముక్కలో ‘ప్రాబ్లమాటిక్’ అని వదిలేశావు. ఆ మాటతో ఏమీ తెలియదు. ఎవరు, ఎవరి ముందు, కెమెరా ఎవరి వైపు నిలబడింది, నీకు ఎక్కడ ఇబ్బంది అనిపించింది, ఇవి రాయి.

చివరి గిటార్ సంగతి కూడా నన్ను ఒప్పించలేదు. 50 డాలర్లకు బేరం కుదుర్చుకుని మొదలైన ప్రేమ అది. ఆ డబ్బుతోనే గిటార్ కొని ఇస్తే రెండు నిమిషాల్లో క్షమించేస్తుంది. అంత మంచి కవిత చదివిన అమ్మాయికి ఇంకొంచెం సేపు కోపంగా ఉండే హక్కు ఉంది. కథ ముగించాలన్న తొందర అది. నీ కథల్లో కూడా ఈ తొందర చూశాను. పోయినసారి పంపిన కథలో అత్తాకోడళ్లు చివరి పేజీలో హఠాత్తుగా కలిసిపోయారు, గుర్తుందా?

క్లాసులో క్యాట్ హెమింగ్వే వద్దు, ఆడవాళ్లు రాసినవి, సిల్వియా ప్లాత్, షార్లెట్ బ్రాంటీ ఎందుకు చెప్పరు అని అడుగుతుంది. అది నువ్వు రాశావు. వెంటనే ఆ నల్లజాతి టీచరు ఏమన్నాడో రాయలేదు. డబ్బున్న ఇంటి పిల్లవు, నల్లవాళ్లు రాసిన పుస్తకం ఒక్కటైనా ఎందుకు కొనరో కూడా వెళ్లి అడుగు అంటాడు. ఆమెనూ బయటికి పంపిస్తాడు. ఆమె చెప్పింది నిజమే, ఆయన చెప్పింది ఇంకా పెద్ద నిజం, అయినా ఆయన ఆమెను పంపించెయ్యటం తప్పే. అర నిమిషంలో మూడు నిజాలు. కామెడీలో ఇంత ఇరికించటం చాలా కష్టం. విమర్శకుడు రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) ఈ ఊరి నుంచే ‘సంవేదన’ పత్రిక నడిపారు, ఒక్క మాట తేడా వచ్చినా వదిలిపెట్టేవారు కాదు. ఆయన ‘సారస్వత వివేచన’ మా బీరువాలో ఉంది, వచ్చినప్పుడు తీసుకెళ్లు. సినిమాల గురించి కాదు అని పక్కన పెట్టకు. ఒక రచనను ఎంత దగ్గరగా చూడొచ్చో అందులో తెలుస్తుంది.

మళ్లీ రాసేటప్పుడు సినిమా ఇంకోసారి చూడు. ఈసారి ఒంటరిగా వద్దు, ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకో. ఎవరు ఎక్కడ నవ్వారో, ఎక్కడ మాట ఆగిపోయిందో నోట్‌బుక్‌లో రాసుకో. ఇంటర్నెట్‌లో ఎవరేం రాశారో మాత్రం నీది పూర్తయ్యేదాకా చదవకు. చదివితే వాళ్ల మాటలే నీ చేతికి వస్తాయి. నీ నాలుగో పేజీలో నాకు ఆ వాసన తగిలింది.

ఇప్పుడు మూడో పేజీ. పైనుంచి ఏడో లైనులో ఒక వాక్యం రాసి, దాని మీద రెండు గీతలు కొట్టావు. వెలుతురుకు పట్టుకుని చదివాను, ఏమనుకోవద్దు. ‘మా అక్కకు ఎనిమిదో సంబంధం కూడా తప్పిపోయాక ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు.’ దాని తర్వాత నువ్వు సినిమాటోగ్రఫీ గురించి మొదలుపెట్టావు.

ఆ వాక్యంతో వ్యాసం మొదలుపెట్టు. అయితే అది నీ ఒక్కదానిదే కాదు, మీ అక్కది కూడా. ఆమెను కూర్చోబెట్టి సినిమా చూపించు, నువ్వు రాసింది చదివి వినిపించు. వద్దంటే తీసెయ్యి, నాకు కూడా పంపకు, ఇంకో దారి వెతుకుదాం. సరే అంటే ఆమె ఏ సీను దగ్గర ఏమందో అది కూడా కలిపి రాయి.

కాగితాలు ఈ కవర్లోనే తిరిగి పంపుతున్నాను. ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. వచ్చే ఆదివారం పొద్దున ఇద్దరూ రండి. మీ పెద్దమ్మ కారం దోశలకు పిండి నానబెడతానంది.

మీ పెదనాయన